చిల్లులు పడిన జల్లెడ పదకొండు రోజుల్లో ఎలా పూడింది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. మీ నాలుగేళ్ల బాబుకు ఒకరోజు పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బాయి. దోమ కుట్టిందనుకున్నారు. మూడు రోజుల్లో పొట్ట, కాళ్లు కూడా ఉబ్బి ఒంటికి నీరు పట్టింది. మూత్రంలో ప్రొటీన్ 4+ వచ్చింది. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టారు. పదకొండో రోజుకు ప్రొటీన్ పోవడం పూర్తిగా ఆగిపోయింది. కిడ్నీలోని జల్లెడకు చిల్లులు పెద్దవయ్యాయని డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. మీరు మెకానికల్ ఇంజినీరు కాబట్టి మీకు నిద్ర పట్టలేదు. లోహానికైనా ప్లాస్టిక్‌కైనా పడిన చిల్లు మాత్ర వేస్తే పూడదు కదా, ఈ పదకొండు రోజుల్లో లోపల ఏం జరిగింది అని అడిగారు. పనిలో పనిగా మీ అమ్మగారి షుగరు గురించి, మీ అత్తవారి ఊరు సోంపేట గురించి కూడా అడిగారు.

మీ అనుమానం సరైనది. జల్లెడ పోలిక తప్పు. నేను కిడ్నీ వైద్యంలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. మొదటి పదేళ్లు నేనూ ఆ జల్లెడ బొమ్మే గీసేవాణ్ని. అది ఎంత నష్టం చేస్తుందో ఒక తల్లి వల్ల తెలిసింది. ఆమె పాపకు పన్నెండో రోజున మూత్రం శుభ్రమైంది. ఆమె మందు ఆపేసింది. ఎందుకమ్మా అని అడిగితే, ‘చిల్లులు పూడిపోయాయి కదండీ, ఇంకా మందెందుకు?’ అంది. తప్పు ఆమెది కాదు, నా బొమ్మది. పాపకు జబ్బు తిరగబెట్టింది, ఇంకో మూడు నెలలు స్టెరాయిడ్ మింగవలసి వచ్చింది. ఆ రోజు నుంచి జల్లెడ గీయడం మానేశాను. ఇప్పుడు నులక మంచం బొమ్మ గీస్తాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు అంకెలు చూడండి, ఇంజినీరుకు అవే నమ్మకం కలిగిస్తాయి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు రెండు కిడ్నీలకే పోతుంది. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. వీటిని గ్లోమెరులస్ అంటారు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఐదో వంతు ఉండే సన్నని రక్తనాళాల ఉండ. అన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని వడకడతాయి. అందులో లీటరున్నర మాత్రమే మూత్రంగా బయటికి వస్తుంది, మిగతాదంతా తర్వాతి గొట్టాలు వెనక్కి పీల్చుకుంటాయి. రక్తపు నీటిలో లీటరుకు 40 గ్రాముల ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అదీ నీటితో పాటు అదే నిష్పత్తిలో జారిపోయేదయితే రోజుకు ఏడు కిలోలు పోవాలి. ఆరోగ్యవంతుడి మూత్రంలో రోజుకు 30 మిల్లీగ్రాములు కూడా పోదు.

మీరు ఏ కర్మాగారంలోనైనా ఫిల్టరు చూసి ఉంటారు. ఇంత సరుకు ఆపే ఫిల్టరు సాయంత్రానికల్లా పూడిపోవాలి, దాన్ని విప్పి కడగాలి. కిడ్నీ ఫిల్టరు డెబ్బై ఎనభై ఏళ్లు ఆగకుండా పనిచేస్తుంది, ఎవరూ విప్పి కడగరు. ఇది జల్లెడ కాదనడానికి ఈ ఒక్క సంగతే చాలు.

ఈ గోడకు మూడు వరసలు. లోపలి వైపు రక్తనాళపు కణాలు. వాటికి 60 నుంచి 100 నానోమీటర్ల కిటికీలు ఉంటాయి. ఆల్బుమిన్ వెడల్పు ఏడు నానోమీటర్లే కాబట్టి ఆ కిటికీలు దానికి సింహద్వారాలు. మధ్యలో కొల్లాజెన్, లామినిన్ లాంటి ప్రొటీన్లతో అల్లిన జావలాంటి పొర, 300 నానోమీటర్లకు కాస్త ఎక్కువ మందం. బయటి వైపు పోడోసైట్లు. ఈ మూడింటిలో నా జీవితం ఆ మూడో వరసతోనే గడిచింది కాబట్టి మొగ్గు అటే ఉంటుంది, క్షమించండి.

పోడోసైట్ అంటే పాదాల కణం. ఒక గుత్తికి దాదాపు ఐదు వందలు ఉంటాయి. ఒక ఆక్టోపస్ రక్తనాళాన్ని బయటి నుంచి కౌగిలించుకుని కూర్చున్నట్టు ఊహించుకోండి. దాని చేతులకు వందలాది సన్నని వేళ్లు. పక్క కణపు వేళ్లతో ఈ వేళ్లు ఒకటి విడిచి ఒకటి జొప్పించుకుని ఉంటాయి. మీ రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి దూర్చి చూడండి, అచ్చం అలాగే. వేలికీ వేలికీ మధ్య 40 నానోమీటర్ల సందు. ఆ సందుకు అడ్డంగా ఒక పలుచని తెర. పుస్తకాల్లో దీన్ని స్లిట్ డయాఫ్రం అంటారు, నేను సందుతెర అంటాను. 1974లో రోడెవాల్డ్, కార్నోవ్‌స్కీ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దీన్ని చూసి, జిప్పులా ఉందని, మధ్యలో ఆల్బుమిన్ కంటే చిన్న రంధ్రాలు ఉన్నాయని రాశారు. ఆ బొమ్మ ఎంత అందంగా ఉందంటే, ఆ తర్వాత పాతికేళ్లు అందరూ దాన్ని జల్లెడగానే చూశారు. అందమైన బొమ్మలు ఒక్కోసారి ఆలోచనను ఆపేస్తాయి.

జిప్పు దేనితో చేశారో 1998 దాకా తెలియదు. తెలిసింది ఫిన్లాండులో. అక్కడ సుమారు ఎనిమిది వేల కాన్పుల్లో ఒక బిడ్డ కడుపులో ఉండగానే మూత్రంలో ప్రొటీన్ పోగొట్టుకుంటూ, బాగా పెద్ద మావితో పుడుతుంది. కార్ల్ ట్రిగ్వాసన్ బృందం ఆ కుటుంబాల జన్యువులను గాలించి, చెడిపోయిన జన్యువును పట్టుకుంది. అది తయారుచేసే ప్రొటీన్‌కు నెఫ్రిన్ అని పేరు పెట్టారు. 1241 అమైనో ఆమ్లాల గొలుసు. దానిలో ఎక్కువ భాగం కణం బయట సందులోకి చాచి ఉంటుంది. పక్క వేలి నుంచి చాచిన నెఫ్రిన్‌ను, దాని చుట్టం నెఫ్1ను పట్టుకుంటుంది. జిప్పు పళ్లు ఇవే.

కథ ఇక్కడితో ఆగితే జల్లెడ పోలికే గెలిచేది. కానీ ఫిన్లాండు బిడ్డల్లో రెండు ముఖ్యమైన మార్పులు కనిపించాయి. ఒకదానిలో ప్రొటీన్ దాదాపు తయారే కాదు. అందులో వింత లేదు. రెండోదానిలో గొలుసు 1109వ అంకె దగ్గర ఆగిపోతుంది. అంటే బయటి భాగానికీ, కణపు పొరను దాటే భాగానికీ కావలసిన రాత అంతా ఉంది. లోపలి తోక మాత్రమే దాదాపుగా తెగిపోయింది. అయినా బిడ్డకు తీవ్రమైన జబ్బు వస్తుంది. అడ్డుతెర మాత్రమే అయితే తోకతో ఏం పని?

దాదాపు అదే కాలంలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, కిడ్నీతో సంబంధమే లేని ఒక ప్రయోగశాలలో ఇంకో సంగతి జరిగింది. ఆండ్రీ షా బృందం టి కణాలు అనే రోగనిరోధక కణాలలో సీడీ2ఏపీ అనే ప్రొటీన్‌ను పరిశోధిస్తోంది. ఆ ప్రొటీన్ లేని ఎలుకలను పుట్టించారు. రోగనిరోధక శక్తి దెబ్బతింటుందని ఎదురుచూశారు. ఎలుకలు ఆరేడు వారాలకు కిడ్నీలు చెడి చనిపోయాయి. వెతికితే ఆ ప్రొటీన్ పోడోసైట్ వేళ్లలో, నెఫ్రిన్ తోకకు అంటుకుని ఉంది. 1999లో ఇది అచ్చయింది. టి కణం ఇంకో కణాన్ని పట్టుకుని మాట్లాడడానికి వాడే సామగ్రినే పోడోసైట్ కూడా వాడుతోందన్నమాట. మరుసటి ఏడాది పారిస్‌లో కొరిన్ ఆంటిన్యాక్ బృందం పోడోసిన్‌ను కనుక్కుంది. ఇది తలపిన్నులా వంగి కణపు పొరలో లోపలి వైపు కూర్చుని, నెఫ్రిన్లను కొలెస్టరాల్ ఎక్కువగా ఉండే ఒకచోట గుమిగూడేలా చేస్తుంది. ఒంటరి నెఫ్రిన్ గొంతు ఎవరికీ వినబడదు. గుంపుగా ఉంటేనే వినబడుతుంది.

ఇక తోక ఏం చెబుతుందో చూద్దాం. ఇదే అసలు విషయం, ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం.

నెఫ్రిన్ తోకలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు కొన్నిచోట్ల ఉంటాయి. ఫిన్ అనే ఎంజైము వచ్చి వాటికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. (ఈ ఫిన్‌కూ ఫిన్లాండుకూ సంబంధం లేదు, పేరు అలా కలిసింది.) ఫాస్ఫేటు తగలగానే ఆ చోటు కొక్కెంలా మారుతుంది. ఎన్‌సీకే అనే ప్రొటీన్ ఒక చేత్తో ఆ కొక్కేన్ని పట్టుకుని, ఇంకో చేత్తో యాక్టిన్ తాళ్లు పేనే యంత్రాంగాన్ని లాక్కొస్తుంది. యాక్టిన్ అంటే కణానికి ఎముకలూ తాళ్లూ రెండూ. ఆ యంత్రాంగం వచ్చిన చోట కొత్త తాళ్లు కొమ్మలు వేసుకుంటూ పెరుగుతాయి, వేలు నిటారుగా నిలబడుతుంది. దీన్ని 2006లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. ఎన్‌సీకే లేని పోడోసైట్లు ఉన్న ఎలుకలకు వేళ్లు సరిగా ఏర్పడవు, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. తర్వాత ఇంకా సున్నితమైన ప్రయోగం ఒకటి చేశారు. నెఫ్రిన్‌ను అంతా అలాగే ఉంచి, తోకలోని మూడు టైరోసిన్లను మాత్రం ఫాస్ఫేటు తగలని వేరే అమైనో ఆమ్లంతో మార్చారు. ఎలుక మామూలుగానే పుట్టింది. కానీ వయసు పెరిగేకొద్దీ ప్రొటీన్ కారడం మొదలైంది. దెబ్బ తగిలితే కోలుకోవడం కూడా మందగించింది. అంటే ఈ సంకేతం ఇల్లు కట్టేటప్పుడే కాదు, కట్టిన ఇంటిని నిలబెట్టడానికి కూడా కావాలి.

అదే తోకకు ఇంకో చోట పీఐ3 కైనేజ్ అనే ఎంజైము అంటుకుంటుంది. దాని నుంచి ఏకేటీ అనే ఎంజైముకు కబురు వెళుతుంది. ఆ కబురు సారాంశం ‘బతుకు’. ఇది చిన్న విషయం కాదు. పోడోసైట్ విభజన చెందదు, చచ్చిపోతే దాని స్థానంలో కొత్తది పుట్టడం దాదాపు ఉండదు. పొరుగు కణం చేయి పట్టుకుని ఉన్నంత కాలం ‘నువ్వు ఒంటరి కాదు, బతికి ఉండు’ అనే మాట తోక ద్వారా లోపలికి అందుతూనే ఉంటుంది. చేయి వదిలితే ఆ మాట ఆగుతుంది. వడపోత గోడ అంటే గోడ కాదు, నిమిషం ఆగని సంభాషణ అని నేను విద్యార్థులకు చెప్పేది ఇందుకే. ఇంకో తమాషా కూడా చెబుతాను. అరటిపండు మీద వాలే ఆ చిన్న పండ్ల ఈగకు కిడ్నీ లేదు కానీ, దాని ఒంట్లోని ద్రవాన్ని వడకట్టే కణాలు కొన్ని ఉన్నాయి. నెఫ్రిన్, నెఫ్1లకు చుట్టాలైన ప్రొటీన్లే వాటి సందుల్లోనూ తెర కడతాయని 2009లో తేలింది. కోట్ల ఏళ్లుగా పరిణామం మార్చని ఏర్పాటు ఇది.

మీకు ఇప్పుడు ఒక ప్రశ్న వచ్చి ఉండాలి. వేళ్లు నిటారుగా ఉంటే ఏమిటి, చదునైతే ఏమిటి? నిజానికి మీ బాబు కణజాలాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే వేళ్లు మడుచుకుపోయి పలకలా చదునైపోయి ఉంటాయి. సందులు ఎక్కువవడం కాదు, తగ్గిపోయి ఉంటాయి! జల్లెడ లెక్క ప్రకారం ప్రొటీన్ కారడం తగ్గాలి. పెరుగుతుంది. ఈ వైరుధ్యం మమ్మల్ని దశాబ్దాల పాటు ఏడిపించింది.

నాకు నచ్చిన జవాబు 2020లో జర్మన్ బృందం ఒకటి, కొలతలూ గణితమూ కలిపి ఇచ్చింది. మీరు ఇట్టే పట్టేస్తారు. గ్లోమెరులస్‌లోని రక్తనాళాల్లో పీడనం మిగతా ఒంట్లోని సన్ననాళాల కంటే దాదాపు రెట్టింపు, 50 మిల్లీమీటర్ల పాదరసానికి అటూఇటూ. ఆ పీడనం జావలాంటి మధ్య పొరను లోపలి నుంచి బయటికి నెడుతుంది. బయటి నుంచి పోడోసైట్ వేళ్లు బిగించి ఎదురు తోస్తాయి. రెండింటి మధ్య ఆ జావ నలిగి చిక్కబడుతుంది, దాని పోగులు దగ్గరపడతాయి. నీరు పోతుంది, ఆల్బుమిన్ ఆగిపోతుంది. అంటే అడ్డుకునేది ఎక్కువగా మధ్య పొర, దాన్ని బిగించి పట్టేది పోడోసైట్. వేళ్లు పట్టు వదిలితే జావ ఉబ్బుతుంది, పోగులు ఎడమవుతాయి, ఆల్బుమిన్ దూరిపోతుంది. అందరూ దీన్ని పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను. విద్యుదావేశాల మీద ఆధారపడిన వేరే వివరణ కూడా ఉంది. కానీ వేళ్లు చదునైతే ప్రొటీన్ ఎందుకు పెరుగుతుందో ఇంత సూటిగా చెప్పింది ఇదే.

ఇక నులక మంచం. నులక మంచం వదులైతే మీరు నులక తెగిందనుకోరు. కాళ్లవైపు తాడు బిగిస్తారు. పేటల మధ్య ఎడం తగ్గి అల్లిక మళ్లీ బిర్రుగా వస్తుంది. మీ బాబు కిడ్నీలో జరిగింది అదే. ఏదీ తెగలేదు. వదులైంది, మళ్లీ బిగిసింది. తేడా ఒక్కటే, ఈ మంచం తన తాడును తానే క్షణక్షణం బిగించుకుంటూ ఉంటుంది. ఆ బిగింపు సమాచారమే పైన చెప్పిన సంకేతాలు.

బిగింపు అతి అయినా ముప్పే. కణంలో ఆర్‌హెచ్‌ఓఏ, ఆర్‌ఏసీ1 అనే రెండు మీటలు ఉన్నాయి. స్థూలంగా చెబితే మొదటిది తాళ్లను బిగించి వేలిని కదలకుండా నిలుపుతుంది, రెండోది వేలిని కదిలిస్తుంది. ఏది హద్దు దాటినా జబ్బే. ఈ తూకాన్ని చెడగొట్టే వాటిలో నాకు తెలిసి ముఖ్యమైనది క్యాల్షియం. పోడోసైట్ పొరలో టీఆర్‌పీసీ6 అనే క్యాల్షియం ద్వారం ఉంది. 2005లో న్యూజిలాండుకు చెందిన ఒక పెద్ద కుటుంబంలో, ఈ ద్వారం అతిగా తెరుచుకునే మార్పు వల్ల పెద్దవయసులో కిడ్నీలు చెడిపోతున్నాయని తేలింది. క్యాల్షియం లోపలికి ఎక్కువగా వస్తే కాల్సిన్యూరిన్ అనే ఎంజైము నిద్ర లేస్తుంది. అది సినాప్టోపోడిన్ అనే ప్రొటీన్ మీదున్న ఫాస్ఫేటును తీసేస్తుంది. ఫాస్ఫేటు పోయిన సినాప్టోపోడిన్‌ను ఇంకో ఎంజైము ముక్కలు చేస్తుంది. సినాప్టోపోడిన్ పోతే యాక్టిన్ తాళ్లు చెదిరిపోతాయి. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ అనే మందులు ఆపేది ఈ కాల్సిన్యూరిన్‌నే. అవి టి కణాలను అణచడం వల్లే నెఫ్రోటిక్ జబ్బులో పనిచేస్తాయని చాలాకాలం అనుకున్నాం. పోడోసైట్ మీద నేరుగా కూడా పనిచేస్తాయని 2008లో తెలిసింది. ఆ వ్యాసం చదివిన రోజు నాకు గుర్తుంది. పదిహేనేళ్లుగా రాస్తున్న మందు ఎలా పనిచేస్తుందో అప్పుడు సగం తెలిసింది.

సరే, మీ బాబుకు అసలు పట్టు ఎందుకు వదిలింది? ఐదేళ్ల క్రితం అడిగి ఉంటే, రక్తంలో ఏదో తిరుగుతోంది, అదేమిటో పట్టుకోలేకపోతున్నాం అనేవాణ్ని. ఇప్పుడు ఒక గట్టి అనుమానితుడు దొరికాడు. 2022లో ఒక అమెరికా బృందం, 2024లో జర్మనీ నాయకత్వంలో యూరప్ బృందం, ఈ పిల్లల రక్తంలో నెఫ్రిన్‌కే వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలను చూపించాయి. 2024 అధ్యయనంలో జబ్బు ఉధృతంగా ఉండి, ఇంకా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడని పిల్లల్లో 90 శాతం మందికి అవి ఉన్నాయి. జబ్బు తగ్గితే యాంటీబాడీలూ తగ్గాయి. నెఫ్రిన్ బయటి భాగాన్ని ఎలుకలకు టీకాలా ఎక్కిస్తే వాటికీ నెఫ్రోటిక్ జబ్బు వచ్చింది. యాంటీబాడీ వెళ్లి సందుతెర మీద కూర్చుంది, నెఫ్రిన్ తోక మీద ఫాస్ఫేట్లు అదుపు తప్పి పెరిగాయి, యాక్టిన్ తాళ్లు తారుమారయ్యాయి. తెరను చింపనక్కర్లేదు, దాని చెవిలో తప్పుడు మాట చెబితే చాలు.

పాత ఫిన్లాండు కథకు దీనితో ముడి పడుతుంది. నెఫ్రిన్ అసలే తయారుకాని ఆ పిల్లల్లో కొందరికి కిడ్నీ మార్పిడి చేశాక, బాగున్న కొత్త కిడ్నీలోనూ ప్రొటీన్ కారడం మొదలైంది. వాళ్ల ఒంటికి నెఫ్రిన్ ఎప్పుడూ తెలియదు. కొత్త కిడ్నీతో వచ్చిన నెఫ్రిన్‌ను పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేసింది. 2000 దశకం మొదట్లోనే ఇది తెలుసు. ఆ సూచనను మామూలు పిల్లల జబ్బుకు అన్వయించడానికి మాకు ఇరవై ఏళ్లు పట్టడం సిగ్గుపడవలసిన విషయమే.

పదకొండు రోజుల లెక్కకు వద్దాం. స్టెరాయిడ్ రెండు చోట్ల పనిచేస్తుంది. రోగనిరోధక కణాలను అణచి, కొత్త యాంటీబాడీలు తయారు కాకుండా చేస్తుంది. అలాగే పోడోసైట్‌లో కూడా స్టెరాయిడ్‌ను అందుకునే గ్రాహకం ఉంది. పాత్రల్లో పెంచిన పోడోసైట్లకు స్టెరాయిడ్ ఇస్తే యాక్టిన్ తాళ్లు స్థిరపడతాయి, దెబ్బ నుంచి త్వరగా కోలుకుంటాయి. ఆ కణాలను నా చేతులతో పెంచిన నాలుగేళ్లలో ఇది చాలాసార్లు చూశాను. మామూలుగా యాంటీబాడీ రక్తంలో సగానికి తగ్గడానికి మూడు వారాలు పడుతుంది. ప్రొటీన్‌తో పాటు కొంత మూత్రంలో పోతుంది కాబట్టి ఇంకాస్త త్వరగా తగ్గవచ్చు. అయినా చాలామంది పిల్లల్లో రెండు వారాల్లోపే మూత్రం శుభ్రమవుతుందంటే, పోడోసైట్ మీద నేరుగా పడే ప్రభావానికి పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం. మీ బాబు పోడోసైట్లు చచ్చిపోలేదు, వేళ్లు ముడుచుకున్నాయంతే. సంకేతం కుదుటపడగానే అవే కణాలు మళ్లీ వేళ్లు చాచాయి.

కాబట్టి మూత్రం శుభ్రమైన రోజు జబ్బు పోయిన రోజు కాదు. మన దేశంలో మొదటిసారి జబ్బుకు పిల్లల కిడ్నీ నిపుణులు సాధారణంగా ఆరు వారాలు రోజూ, తర్వాత ఆరు వారాలు రోజు విడిచి రోజు ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. మధ్యలో మీ అంతట మీరు ఆపకండి. జబ్బు తిరగబెట్టడం ఒక భయమైతే, కొన్ని వారాలు స్టెరాయిడ్ వాడాక ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ నిద్రపోతుంది, హఠాత్తుగా మానేస్తే బిడ్డ కుప్పకూలవచ్చు, అది ఇంకో భయం. ఇన్ని చేసినా చాలామంది పిల్లలకు కనీసం ఒకసారి తిరగబెడుతుంది, ఎక్కువగా జలుబూ జ్వరమూ వచ్చినప్పుడు. అది మీ తప్పు కాదు, డాక్టరు తప్పూ కాదు. ఇంట్లో పొద్దున మొదటి మూత్రంతో పరీక్ష పట్టీ ముంచి, ఒక నోటుపుస్తకంలో రాస్తూ ఉండండి. వరసగా మూడు రోజులు 3+ వస్తే కళ్లు ఉబ్బేదాకా ఆగకుండా ఫోను చేయండి. తిండి సంగతి అడిగారు. పోయిన ప్రొటీన్‌ను పూడ్చాలని గుడ్లూ పొడులూ కుక్కకండి. మామూలు పప్పన్నం, వాపు ఉన్న రోజుల్లో ఉప్పు తక్కువ. ఊరగాయ, అప్పడాలు అప్పుడు వద్దు.

నాలుగు నుంచి ఆరు వారాల్లో స్టెరాయిడ్‌కు లొంగని పిల్లలు కొందరు ఉంటారు. మీ బాబు లొంగాడు కాబట్టి ఇది మీకు కాదు, ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం. వాళ్లలో కొందరికి నెఫ్రిన్‌లోనో పోడోసిన్‌లోనో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. నులకే లేని మంచానికి తాడు బిగించి ప్రయోజనం లేదు. ఆ పిల్లలకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు పోయడం అన్యాయం. జన్యుపరీక్ష చేయించి తేల్చుకోవాలి. పైన చెప్పిన, నెఫ్రిన్ అసలే తయారుకాని పిల్లలను మినహాయిస్తే, ఇలాంటి పిల్లలకు కిడ్నీ మార్పిడి చేశాక పాత జబ్బు కొత్త కిడ్నీలో తిరగబెట్టడం అరుదు, అదొక ఊరట.

మీ అమ్మగారికి 12 ఏళ్లుగా షుగరు, మూత్రంలో ఆల్బుమిన్ గ్రాము క్రియాటినిన్‌కు (కండరాల నుంచి వచ్చి కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం) 180 మిల్లీగ్రాములు అన్నారు. ఇదీ అదే గోడ, కానీ కథ నెమ్మదైనది. ఇన్సులిన్ కూడా పోడోసైట్‌కు ఒక సంకేతమే. 2010లో పోడోసైట్లలో మాత్రమే ఇన్సులిన్ గ్రాహకం తీసేసిన ఎలుకలకు, రక్తంలో షుగరు పెరగకుండానే షుగరు కిడ్నీ జబ్బు లాంటిది వచ్చింది. షుగరు రోగిలో ఈ సంకేతం మందగిస్తుంది, పీడనం పెరుగుతుంది, ఆంజియోటెన్సిన్ అనే, బీపీ పెంచే హార్మోను క్యాల్షియం ద్వారాన్ని తట్టి లేపుతుంది. ఏళ్ల తరబడి ఇలా లాగితే పోడోసైట్లు పట్టుతప్పి మూత్రంలోకి రాలిపోతాయి. రాలినవి తిరిగి రావు. అందుకే బాబుకు పదకొండు రోజుల్లో జరిగింది అమ్మగారికి జరగదు. ఆమెకు ఇచ్చిన టెల్మిసార్టాన్ బీపీ కోసం మాత్రమే అనుకుని బీపీ బాగున్న నెలలో మానేస్తారు చాలామంది. అది గ్లోమెరులస్ లోపలి పీడనాన్ని తగ్గిస్తుంది, ఆంజియోటెన్సిన్ నోరు మూయిస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త మందులూ ఆ పీడనాన్ని ఇంకో వైపు నుంచి తగ్గిస్తాయి. అవి ఆమెకు తగునో లేదో ఆమెను చూసే డాక్టరు చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు మాత్రం ఆపించండి.

పోడోసైట్ లోపలి వైపు రక్తనాళపు కణాలతో కూడా మాట్లాడుతుంది. వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను పంపి వాటిని ఆరోగ్యంగా ఉంచుతుంది. కొన్ని క్యాన్సర్లకు వాడే బెవాసిజుమాబ్ ఈ వీఈజీఎఫ్‌ను పట్టేస్తుంది కాబట్టి, ఆ రోగుల మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తుంది, బీపీ పెరుగుతుంది. ఇది మీరు అడగలేదు, నోరూరుకోక చెప్పాను.

చివరిది సోంపేట. సోంపేట ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కదా, బాబుకు వచ్చింది అదేనా అని మీ అత్తగారు భయపడుతున్నారని రాశారు. కాదని ఆమెకు గట్టిగా చెప్పండి. ఉద్దానం జబ్బు దెబ్బతీసేది ప్రధానంగా ఈ వడపోత గుత్తులను కాదు, వాటి తర్వాత వచ్చే గొట్టాలనూ వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ. అందుకే ఆ రోగుల్లో చాలామందికి ఒళ్లు ఉబ్బదు, మూత్రంలో ప్రొటీన్ ఉండదు, ఉన్నా కొద్దిగానే ఉంటుంది. అందువల్లే అది చాలా ఆలస్యంగా బయటపడుతుంది. మూత్రంలో నురగ లేదు, పట్టీ పరీక్షలో ఏమీ రాలేదు కాబట్టి మా కిడ్నీలు బాగున్నాయని ఆ ప్రాంతం వాళ్లు అనుకోకూడదు. మీ మామగారు కొబ్బరి తోటల్లో ముప్పై ఏళ్లు పనిచేశారన్నారు. ఈ సెలవులకు వెళ్లినప్పుడు ఆయనకు మూత్ర పరీక్షతో పాటు రక్తంలో క్రియాటినిన్ కూడా చేయించండి.